ఇసుక నుంచి తెర వరకు: పేద బడిలో పంతులు, పరికరం

ఆచార్య యశ్‌పాల్ స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసాన్ని వినడానికి వచ్చినవారిలో ఎక్కువమంది బడిపంతుళ్లు. మండల పరిషత్ పాఠశాలల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, గురుకులాల్లో పనిచేస్తున్నవారు, పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. విషయాన్ని ఎంచుకునే స్వేచ్ఛను నిర్వాహకులు వక్తకే వదిలేశారు. సభలో కూర్చునేది ఎవరో తెలిశాక ఆ ఎంపిక కష్టం కాలేదు. వసతులు చాలని బడిలోకి కొత్త పరికరం వచ్చినప్పుడు అక్కడి పంతులుకు ఏం జరుగుతుంది, ఆ పంతులు వల్ల పరికరానికి ఏం జరుగుతుంది అన్నదే ఈనాటి విషయం.

యశ్‌పాల్ జీవితమే ఈ విషయానికి పీఠిక. ఆయన 1926లో, నేడు పాకిస్తాన్‌లో ఉన్న ఝంగ్‌లో పుట్టారు. ముంబయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో విశ్వకిరణాల మీద పరిశోధన చేశారు. 1973లో అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు తొలి డైరెక్టర్ అయ్యారు. ఉపగ్రహం నుంచి నేరుగా పల్లెలకు టెలివిజన్ పాఠాలు పంపిన మహాప్రయోగాన్ని నడిపించారు. ఆ తరువాత 1993లో, ఆయన అధ్యక్షతన పనిచేసిన సంఘం బడిపిల్లల మీది బరువు గురించి కేంద్రానికి నివేదిక ఇచ్చింది. వీపు మీది సంచి కన్నా అర్థం కాని చదువే పిల్లలకు పెద్ద బరువని ఆ నివేదిక తేల్చింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని రూపొందించిన సంఘానికీ ఆయనే అధ్యక్షులు. ఆకాశం నుంచి పాఠాన్ని దింపిన శాస్త్రవేత్తే, ఆ పాఠం పిల్లవాడికి ఎక్కుతోందా అని జీవితాంతం అడుగుతూ వచ్చారు. ఈ రెండు చింతనలూ ఒకే మనిషిలో ఉండటం మన విద్యారంగానికి దక్కిన అదృష్టం.

ఈ ఉపన్యాసం చెప్పదలచినది ఒక్కటే. పేద బడికి పరికరాన్ని పంపేవారి మనసులో రెండు ఉద్దేశాల్లో ఒకటి ఉంటుంది. పంతుళ్లు చాలడం లేదు, ఉన్నవారు సరిగా చెప్పడం లేదు, కాబట్టి ఆ లోటును యంత్రంతో పూడ్చుదాం అన్నది మొదటిది. ఉన్న పంతులు చేయాలనుకుని చేయలేకపోతున్న పనికి సాయపడదాం అన్నది రెండోది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే తెర, అదే తీగ, అదే ప్రారంభోత్సవం. అయితే మొదటి ఉద్దేశంతో వచ్చిన పరికరాల్లో చాలావరకు చివరికి బడి బీరువాలోకి చేరాయి. పంతులు తన అవసరానికి తానే మలుచుకున్నవి, ఎంత నాసిరకానివైనా, పాఠాలుగా మారాయి.

ఈ చరిత్ర కంప్యూటర్ కన్నా చాలా పాతది. మన ప్రాంతంలో అది ఇసుక దగ్గర మొదలవుతుంది.

పద్దెనిమిదో శతాబ్దం చివరి దశకంలో మద్రాసు ఎగ్మూర్‌లోని మిలటరీ అనాథ బాలుర ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే స్కాట్లండ్ మతాచార్యుడు పర్యవేక్షకుడిగా ఉండేవాడు. స్థానికుల బడిలో పిల్లలు నేల మీద ఇసుక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దడం ఆయన కంటపడింది. కాగితం అక్కర్లేదు, సిరా అక్కర్లేదు, తప్పుపోతే అరచేత్తో చెరిపేయవచ్చు. తన ఆశ్రమంలోనూ అలాగే నేర్పమని అక్కడి ఉపాధ్యాయులను ఆదేశించాడు. వారు ఒప్పుకోలేదు. అప్పుడాయన జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ల కుర్రవాడికి ఆ పని అప్పగించాడు. ఆ కుర్రవాడు చిన్నపిల్లలకు ఇసుకలో అక్షరాలు నేర్పగలిగాడు. బెల్ ఆ పద్ధతిని తరగతి తరువాత తరగతికి విస్తరించి, 1797లో లండన్‌లో ఆ అనుభవాన్ని అచ్చు వేయించాడు. అదే తరువాత మద్రాసు పద్ధతి అన్న పేరుతో ఇంగ్లండ్ బడులకు వ్యాపించింది.

ఈ కథలో సాధారణంగా చెప్పుకునే భాగం మన ఇసుక పలక సముద్రాలు దాటిందన్న గర్వం. ఆ గర్వం న్యాయమైనదే. కానీ పంతుళ్లు ఈ కథలోని మరో భాగాన్ని గుర్తుంచుకోవాలి. పరికరాన్ని ఉపాధ్యాయులు ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోలేదో ఆరా తీయడానికి బదులు వారిని పక్కకు తప్పించి పని సాగించవచ్చని బెల్ ఉదంతం నేర్పింది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెబుతారు, ఒక్క గురువు వందల మందిని నడిపిస్తాడు, ఖర్చు తక్కువ. పేదపిల్లల చదువు విషయంలో పాలకులను నేటికీ ఆకర్షిస్తున్న లెక్క ఇదే.

అదే ఇసుకను దగ్గరగా చూసిన మరో అధికారి ఎ.డి. క్యాంప్‌బెల్. తెలుగు వ్యాకరణం రాసిన ఈ బళ్లారి కలెక్టర్, గవర్నర్ థామస్ మన్రో ఆదేశించిన విచారణలో భాగంగా 1823లో తన జిల్లాలోని బడుల గురించి నివేదిక పంపాడు. ఆ జిల్లాలో అప్పటికి 533 బడులున్నాయి. వాటిలో తెలుగు బడులు, కన్నడ బడులే అధికం. ఇసుకలో దిద్దించే పొదుపైన పద్ధతినీ, ముందున్న పిల్లలు వెనకున్న పిల్లలకు నేర్పే ఏర్పాటునూ ఆయన మెచ్చుకున్నాడు. అంతటితో ఆగలేదు. పిల్లలు కంఠస్థం చేసే పద్యాల భాష వారు ఇంట్లో మాట్లాడే భాషకు ఎంతో దూరమని, చదివినదానికి అర్థం తెలియకుండానే బడి ముగుస్తోందని బాధపడ్డాడు. పరికరం చక్కగా పనిచేస్తూనే ఉంది, అర్థం మాత్రం అందడం లేదు. 1993లో యశ్‌పాల్ సంఘం ఎత్తిచూపిన జబ్బు 170 ఏళ్ల ముందే బళ్లారి కలెక్టర్ కాగితాల్లో నమోదై ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో యంత్రాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చలనచిత్రం రాగానే పాఠ్యపుస్తకాలకు కాలం చెల్లుతుందని, పదేళ్లలో బడి స్వరూపమే మారిపోతుందని 1913లో థామస్ ఎడిసన్ జోస్యం చెప్పారు. తరువాత రేడియో గురించీ, టెలివిజన్ గురించీ ఇలాంటి మాటలే వినిపించాయి. మన దేశంలో మాత్రం అసలు సమస్య మరీ మొదటి మెట్టు దగ్గరే ఉంది. 1986 జాతీయ విద్యావిధానం తరువాత, 1987లో ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్ మొదలుపెట్టి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ కనీసం రెండు గదులు, ఇద్దరు పంతుళ్లు, నల్లబల్లతో సహా కొంత బోధన సామగ్రి ఇవ్వాలని ప్రభుత్వం సంకల్పించింది. స్వాతంత్ర్యం వచ్చిన నాలుగు దశాబ్దాలకు కూడా నల్లబల్ల కోసం ఒక జాతీయ పథకం అవసరమైంది. మన పేద బడుల్లో సాంకేతికత గురించి ఎవరు మాట్లాడినా ఈ సంగతిని దృష్టిలో ఉంచుకోవాలి.

అంతకు పన్నెండేళ్ల ముందు అలాంటి బడులున్న పల్లెల్లోనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. సైట్ అన్న పొట్టిపేరుతో పిలిచే ఆ ప్రయోగం 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసింది. అమెరికా అంతరిక్ష సంస్థ నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు మనకు వాడుకోనిచ్చారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్‌లలో సుమారు 2,400 పల్లెలకు టీవీ సెట్లు చేరాయి. కోళ్లకంచె వలతో అల్లిన పది అడుగుల యాంటెనా ఉపగ్రహ సంకేతాన్ని నేరుగా అందుకునేది. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ ప్రసారాలు. తెలుగు పల్లెలకు తెలుగులోనే కార్యక్రమాలు వచ్చాయి. ఇంకా ఏ నగరపు తెరా చూడని పిల్లలు బడి వరండాలో కూర్చుని టీవీ చూశారు.

సైట్ గురించి రాసేవారు యాంటెనా దగ్గర, ఉపగ్రహం దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. ఈ సభకు అంతకన్నా ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. ఆ ఏడాది సెలవుల్లో రెండు విడతలుగా, దాదాపు యాభై వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు సైన్సు బోధనలో పన్నెండు రోజుల చొప్పున శిక్షణ ఇచ్చారు. టీవీ, రేడియో పాఠాలు, అచ్చు పుస్తకాలు, చేతితో చేసే ప్రయోగాలు, పక్కనే ఉండి సందేహాలు తీర్చే మనిషి, ఇవన్నీ కలిపిన శిక్షణ అది. తెర మీద చూసిన ప్రయోగాన్ని అక్కడే చేసి చూడాలి, రాకపోతే మళ్లీ అడగాలి. ఉపగ్రహం అప్పు తెచ్చుకున్నది కనుక గడువు తీరగానే వెళ్లిపోయింది. 2,400 పల్లెల్లోని ఆ సెట్లకు నేరుగా వచ్చే సంకేతం ఆగిపోయింది. అయినా శిక్షణ పొందిన పంతుళ్లు ఆ ఏడాది నేర్చుకున్నదాన్ని తమ తరగతుల్లోకి తీసుకువెళ్లారు. యశ్‌పాల్ నాయకత్వంలోని ప్రయోగం పంతులును ప్రేక్షకుడిగా వదిలేయకుండా విద్యార్థిగా, ఆపై ప్రయోక్తగా చూసింది.

ఇదే కాలంలో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో, 1972 నుంచి, మరో పని సాగుతుండేది. పదహారు మాధ్యమిక పాఠశాలల్లో మొదలైన ఆ సైన్సు కార్యక్రమంలో టాటా సంస్థ శాస్త్రవేత్తలూ, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులూ పల్లె పంతుళ్లతో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలూ అగ్గిపుల్లలూ కలిపి ఘనాలూ త్రికోణాలూ కట్టే సామగ్రిని అరవింద్ గుప్తా అక్కడే రూపొందించారు. పిల్లలు తమ ప్రశ్నలను సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాసేవారు. జవాబులు వచ్చేవి. ప్రభుత్వం 2002లో ఆ కార్యక్రమాన్ని ఆపేసింది.

తెలుగు నేల మీద ఇలాంటి ఆలోచన అత్యంత లోతుగా సాగిన చోటు మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ. అక్కడి గ్రామీణ విద్యా వనరుల కేంద్రంలో పద్మనాభరావు, రమ దంపతులు చుట్టుపక్కల పల్లెల ఏకోపాధ్యాయ పాఠశాలల సమస్యనే ముందు పెట్టుకున్నారు. ఒక గది, ఒక పంతులు, ఐదు తరగతులు. మూడో తరగతికి చెబుతుంటే ఒకటో తరగతి ఖాళీగా ఉంటుంది. నాట్లకాలంలో నెల మానేసిన పిల్లవాడు తిరిగి వచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్లిపోతుంది. దీనికి వారు చూపిన దారి కార్డుల పెట్టె. పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టుకు బొమ్మ గుర్తున్న కార్డు తయారుచేశారు. గోడ మీద నిచ్చెన పటం ఉంటుంది. ప్రతి పిల్లా తాను ఆగిన మెట్టును ఆ పటంలో తానే వెతుక్కుని, ఆ కార్డు తీసుకుని కూర్చుంటుంది. కొందరు పంతులుతో, కొందరు తోటిపిల్లలతో, కొందరు ఒంటరిగా పనిచేస్తారు. నెల మానేసిన పిల్లవాడు ఎక్కడ ఆపాడో అక్కడి నుంచే మొదలుపెడతాడు. స్థానిక కథలూ పాటలూ ఆ కార్డుల్లోకి వచ్చాయి.

కరెంటు అక్కర్లేని ఈ పెట్టెను సాంకేతికత అని పిలవడానికి ఎవరూ వెనకాడనక్కర్లేదు. ఈనాడు కంప్యూటర్ ప్రోగ్రాములు గొప్పగా చెప్పుకునే పని, అంటే ప్రతి పిల్లకూ ఆమె స్థాయి నుంచే పాఠం మొదలుపెట్టడం, ఈ పెట్టె అట్టముక్కలతో చేసింది. 1995లో కర్ణాటకలోని హెచ్.డి. కోటె ప్రాంత ఉపాధ్యాయులు రిషివ్యాలీకి వచ్చి చూసి వెళ్లి, తమ కన్నడ పిల్లల కోసం నలికలి పద్ధతిని తయారుచేసుకున్నారు. 2003 తరువాత చెన్నై నగరపాలక పాఠశాలలు ఈ బాట పట్టాయి. 2007 నాటికి తమిళనాడు దాన్ని రాష్ట్రమంతటా తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనూ 1980ల్లో బ్రిటన్ సాయంతో ప్రాథమిక విద్యా పథకం మొదలై, ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. పంతుళ్లు నెలనెలా అక్కడ కలుసుకుని బోధన సామగ్రి తయారుచేసేవారు, ఒకరి పాఠం ఒకరు చూసేవారు. ఈనాటి స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో ఆ ఆలోచన ఇంకా మిగిలే ఉంది. తరచుగా సర్క్యులర్లు చదవడానికే సమయం సరిపోతున్నా, మిగిలే ఉంది.

ఇక కంప్యూటర్ యుగం. 1999లో ఢిల్లీ కాల్కాజీలో ఒక గోడకు కన్నం పెట్టి సుగత మిత్ర కంప్యూటర్ అమర్చారు. పక్కనున్న మురికివాడ పిల్లలు ఎవరూ చెప్పకుండానే దాన్ని వాడటం నేర్చుకున్నారు. ఆ దృశ్యం ప్రపంచాన్ని ఆకట్టుకుంది. పిల్లల కుతూహలం గురించి అది చెప్పిన మాట నిజం. కానీ పంతులు లేకుండానే చదువు సాగుతుందన్న కోరికకు అది ఒక సాక్ష్యంగా మారింది. 2005లో నికొలస్ నెగ్రొపాంటే పిల్లకో లాప్‌టాప్ పథకాన్ని ప్రకటించారు. పెరూ దేశం లక్షల సంఖ్యలో ఆ లాప్‌టాప్‌లు కొన్నది. అక్కడి గ్రామీణ ప్రాంతంలోని 319 బడుల మీద జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. పిల్లల దగ్గర కంప్యూటర్లు ఎన్నో రెట్లు పెరిగాయి. లెక్కల్లో, భాషలో మాత్రం వారి చదువు మెరుగుపడిన ఆధారం దొరకలేదు. కారణం వెతకడానికి దూరం వెళ్లక్కర్లేదు. యంత్రం పిల్లల చేతికి వెళ్లింది, పాఠం చెప్పే తీరు మాత్రం మారలేదు.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. దాన్ని దాచడం న్యాయం కాదు. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెజాండ్రో గనీమియన్ కలిసి మైండ్‌స్పార్క్ అనే ప్రోగ్రాం మీద అధ్యయనం చేసి 2019లో ప్రచురించారు. అధ్యయనంలోని పిల్లలు ఆరో తరగతికి వచ్చేసరికే లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పిల్లవాడు నిజంగా ఎక్కడున్నాడో అక్కడి నుంచి ప్రశ్నలు అడిగే ఆ ప్రోగ్రాం నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ స్పష్టమైన మెరుగుదల చూపింది. పెరూలో విఫలమైన యంత్రం ఢిల్లీలో ఎందుకు ఫలించింది? ఢిల్లీలోని మైండ్‌స్పార్క్ కేంద్రంలో రోజూ గంటన్నర సమయం. అందులో సగం కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న బృందంగా ఒక బోధకుడి ముందు. పైగా ఆ ప్రోగ్రాం బడులు ఎంతోకాలంగా ఎదుర్కొంటున్న ఒక నిర్దిష్టమైన సమస్యను తీసుకుంది. ఆరో తరగతి పుస్తకం ముందు కూర్చున్న మూడో తరగతి స్థాయి పిల్లవాడిని ఏం చేయాలి అన్నది ప్రతి పంతులుకూ రోజూ ఎదురయ్యే ప్రశ్న. రిషివ్యాలీ పెట్టె పుట్టింది కూడా ఆ ప్రశ్న నుంచే.

పంతులు తానే ప్రశ్న వేసుకుని, తానే పరికరాన్ని వెతుక్కున్న ఉదాహరణలు మూడు ఇక్కడ చెప్పుకోవాలి.

ఘనా దేశంలోని సెక్యెదుమాసే అనే చిన్న పట్టణంలో రిచర్డ్ అప్పియా అకోటో ఐసీటీ బోధించే ఉపాధ్యాయుడు. అక్కడ జూనియర్ హైస్కూలు పూర్తయ్యే పరీక్షలో కంప్యూటర్ పాఠ్యాంశం తప్పనిసరి. బడిలో 2011 నుంచి ఒక్క కంప్యూటర్ కూడా ఉండేది కాదు. 2018 ఫిబ్రవరిలో ఆయన నల్లబల్ల మీద రంగు సుద్దలతో మైక్రోసాఫ్ట్ వర్డ్ తెర మొత్తాన్ని గీశారు. పైన మెనూలు, వాటి కింద బొత్తాలు, మధ్యలో ఖాళీ కాగితం, పక్కన కొలబద్ద, దేన్నీ వదలలేదు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. మైక్రోసాఫ్ట్ ఆయనను సింగపూర్‌లో జరిగిన ఉపాధ్యాయ సదస్సుకు ఆహ్వానించింది. బడికి కంప్యూటర్లు విరాళంగా వచ్చాయి. ఆ ఫొటోలు చూసి కరిగిపోయినవారు ఒక విషయం గమనించాలి. ఆ పిల్లలు ఎన్నడూ ముట్టుకోని యంత్రం మీద పరీక్ష రాయాలని నిర్ణయించినవారు, ఆ యంత్రాన్ని బడికి పంపే బాధ్యత తీసుకోలేదు. అకోటో సుద్దముక్క పట్టుకుని ఆ బాధ్యతను తన భుజాన వేసుకున్నారు.

కెన్యాలోని నకూరు ప్రాంతంలో ప్వాని అనే పల్లె ఉంది. అక్కడి కెరికో సెకండరీ స్కూల్లో పీటర్ టబిచి గణితం, భౌతికశాస్త్రం బోధించేవారు. సగటున ఒక పంతులుకు 58 మంది పిల్లలు. బడిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్, అంతంతమాత్రపు ఇంటర్నెట్. ఆయన ఇంటర్నెట్ కేఫ్‌కు వెళ్లి కావలసిన దృశ్యాలు దించుకుని తెచ్చి, నెట్ అవసరం లేకుండా తరగతిలో చూపించేవారు. తన జీతంలో అధికభాగం పేదపిల్లల కోసమే ఖర్చుపెట్టేవారు. 2019లో ఆయనకు ప్రపంచ ఉపాధ్యాయ పురస్కారం దక్కింది. ఆయన పద్ధతిలో మెచ్చుకోవలసింది ఎంపిక. ఏ పాఠానికి ఏ దృశ్యం కావాలో, ఏ పాఠానికి తెర అసలే అక్కర్లేదో ఆయన ముందే తేల్చుకుని కేఫ్‌కు వెళ్లేవారు.

మరుసటి ఏడాది, 2020 డిసెంబరులో, ఆ పురస్కారం మన పొరుగునే ఉన్న మహారాష్ట్రకు వచ్చింది. సోలాపూర్ జిల్లా పరితేవాడిలోని జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాలకు రణజిత్‌సింహ్ డిసలే 2009లో వెళ్లేసరికి, ఆ భవనం పశువుల కొట్టానికీ సామాన్ల గదికీ మధ్య శిథిలమై ఉంది. అక్కడి పిల్లల్లో చాలామందికి ఇంటి భాష కన్నడం. చేతిలోని పుస్తకం వారి భాషలో లేదు. ఆయన కన్నడం నేర్చుకున్నారు. పాఠాలను వారికి అర్థమయ్యేలా తిరిగి రాశారు. పుస్తకం పేజీల మీద క్యూఆర్ కోడ్‌లు పెట్టి, ఫోనుతో స్కాన్ చేస్తే పద్యాల ఆడియో, వీడియో పాఠాలు, కథలు వచ్చేలా చేశారు. మహారాష్ట్ర ప్రభుత్వం ఆ ఆలోచనను రాష్ట్ర పాఠ్యపుస్తకాలకు తీసుకుంది. 2018లో ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలకూ క్యూఆర్ కోడ్‌లు వస్తాయని కేంద్రం ప్రకటించింది. డిసలే తన పది లక్షల డాలర్ల బహుమతిలో సగాన్ని తుది జాబితాలోని మిగతా తొమ్మిది మంది పంతుళ్లకు పంచేశారు. క్యాంప్‌బెల్ 1823లో చూసి బాధపడిన దూరమే, ఇంటి మాటకూ బడి మాటకూ మధ్యనున్న ఆ దూరమే, పరితేవాడిలో ఒక పంతులును ఫోను చేతబట్టేలా చేసింది.

ఈ ముగ్గురినీ వీరులుగా పూజించి ఊరుకుంటే వారికి అన్యాయం చేసినట్టే. ఇంటర్నెట్ కేఫ్ బిల్లును పంతులు తన జేబులోంచి కట్టుకోవడం త్యాగం. ఆ త్యాగాన్ని ఆధారం చేసుకుని ప్రభుత్వాలు విధానాలు నడపకూడదు. అసాధారణమైన మనిషి ఉంటేనే నడిచే ఏర్పాటు మిగతా వేల బడులను వదిలేస్తుంది.

కరోనా కాలం ఈ సత్యాన్ని కఠినంగా చూపింది. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్ల ద్వారా పాఠాలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో సప్తగిరి చానల్ పాఠాలు ప్రసారం చేసింది. పంతుళ్లు ఇంటింటికీ తిరిగి ఎవరు చూస్తున్నారో, ఎవరికి టీవీ లేదో రాసుకున్నారు. 2021 ఆగస్టులో పదిహేను రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లోని పేద కుటుంబాల పిల్లల మీద జరిపిన స్కూల్ అనే సర్వేలో, పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదువుతున్నవారు 8 శాతమేనని, 37 శాతం మంది అసలేమీ చదవడం లేదని తేలింది. పశ్చిమ బెంగాల్‌లోని జామురియా ప్రాంతంలో దీప్ నారాయణ్ నాయక్ అనే ఉపాధ్యాయుడు వీధి గోడలకు నల్లరంగు పూయించి వాటిని బల్లలుగా మార్చి, పిల్లలను దూరదూరంగా కూర్చోబెట్టి చెప్పారు.

ఇప్పుడు పరికరాల కొరత తగ్గుతోంది. కేంద్రం ప్రకటించిన యూడైస్ ప్లస్ లెక్కల ప్రకారం 2023-24లో దేశంలోని బడుల్లో 57.2 శాతానికి కంప్యూటర్లుండగా, 2024-25లో అది 64.7 శాతానికి పెరిగింది. ఇంటర్నెట్ ఉన్న బడులు 53.9 శాతం నుంచి 63.5 శాతానికి చేరాయి. అదే లెక్కల్లో మరో అంకె ఉంది. దేశంలో ఇంకా లక్షకు పైగా ఏకోపాధ్యాయ పాఠశాలలున్నాయి. అసర్ అనే గ్రామీణ విద్యా సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో ఐదో తరగతి పిల్లల్లో 44.8 శాతం మందే రెండో తరగతి పాఠాన్ని చదవగలిగారు. ఈ అంకెలను విడివిడిగా చదివితే ప్రయోజనం లేదు.

ఆంధ్రప్రదేశ్‌లో నాడు-నేడు పథకంతో బడి గోడలూ మరుగుదొడ్లూ మెరుగుపడ్డాయి. తరగతి గదుల్లో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, స్మార్ట్ టీవీలు వచ్చాయి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకూ, వారి ఉపాధ్యాయులకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు. పేదపిల్లల చేతికి ధనికుల పిల్లల చేతిలోని వస్తువే ఇవ్వాలన్న సంకల్పాన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. అందులోని పాఠాలను మాత్రం బైజూస్ అనే ప్రైవేటు కంపెనీ సమకూర్చింది. 2024 జూలైలో ఆ కంపెనీ మీద దివాలా ప్రక్రియ మొదలైంది. ప్రభుత్వ బడి పాఠం ఎవరి సొత్తు, దాన్ని ఏటా ఎవరు సరిదిద్దుతారు అన్న ప్రశ్నను ట్యాబ్‌లు పంచేనాడే పంతుళ్ల ముందు పెట్టి ఉండాల్సింది.

మరో వైపు నుంచి యంత్రం పంతులు మీదికే వచ్చింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముఖ గుర్తింపు హాజరు యాప్‌ను తెచ్చినప్పుడు, సొంత ఫోన్లలో దాన్ని వాడమనడం మీద ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. హాజరు ఉండాలనడంలో తప్పు లేదు. పల్లె బడికి పంతులు రాకపోతే నష్టపోయేది ఆ పిల్లలే. కానీ ఉదయం హాజరు, తరువాత మధ్యాహ్న భోజనం లెక్క, మరుగుదొడ్డి ఫొటో, కోడిగుడ్ల సంఖ్య, మార్కుల నమోదు, ఇలా ఫోను మొదట నిఘా సాధనంగా చేతికి వస్తే, ఆ ఫోనునే బోధన సాధనంగా ప్రేమించమని అడగడం కష్టం. ఎగ్మూర్ ఆశ్రమంలో ఇసుకను కాదన్న ఉపాధ్యాయుల మాట ఎవరూ రాసిపెట్టలేదు. ఇప్పటి పంతుళ్ల మాటనైనా రాసిపెట్టాలి.

కేరళ ఈ విషయంలో భిన్నంగా నడిచింది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ పథకం ఉపాధ్యాయులనే శిక్షకులుగా తీర్చిదిద్దింది. ఎవరికీ లైసెన్సు రుసుము కట్టనక్కర్లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని, బడి అవసరాలకు తగినట్టు మార్చుకుంది. ఆ తరువాతే 45,000 తరగతి గదులకు ప్రొజెక్టర్లూ లాప్‌టాప్‌లూ వెళ్లాయి. 2020 జూన్ 1న బడులు తెరవలేని పరిస్థితిలో విక్టర్స్ చానల్ మీద ఫస్ట్ బెల్ పాఠాలు మొదలైతే, వాటిని చెప్పింది కూడా ఆ రాష్ట్ర ఉపాధ్యాయులే.

మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు కృత్రిమ మేధ వంతు వచ్చింది. తెలంగాణ ప్రాథమిక పాఠశాలల్లో 2025లో దాని సాయంతో చదవడం, లెక్కలు నేర్పే ప్రయోగం మొదలైంది. ఇలాంటి ప్రయోగాలను వద్దనడానికి కారణం లేదు. స్కూల్ కాంప్లెక్స్‌కు తనదైన కొంత నిధి, ఏ పరికరం కావాలో ఏది వద్దో చెప్పే అధికారం, మరమ్మతుకు విడిగా డబ్బు, నెట్ లేకపోయినా తెరుచుకునే పాఠాలు, ఆ పాఠాలను మార్చుకునే హక్కు, ఇవి ప్రయోగంతో పాటే రావాలి. పంతులు చెప్పిన లోపం రాజధానికి చేరి, సరిదిద్దిన రూపంలో తిరిగి తరగతికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందన్నది ఆ ప్రయోగానికి పెట్టాల్సిన తొలి పరీక్ష.

ఈ పనికి కావలసిన అనుభవం మన దగ్గర ఉంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో బహుభాషా విద్యా కార్యక్రమాన్ని మొదలుపెట్టింది. గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా భాషల పిల్లలకు తొలి తరగతులు వారి మాటల్లోనే చెప్పాలన్నది ఉద్దేశం. ఆ భాషలు మాట్లాడే పంతుళ్లే పెద్దల దగ్గర కథలు సేకరించి, తెలుగు లిపిలో వాచకాలు రాశారు. ఆదిలాబాద్, పాడేరు, సీతంపేట ఏజెన్సీ బడుల గోడల మీదికి ఇప్పుడు తెరలు వస్తున్నాయి. ఆ వాచకాలు ఆ తెరల్లోకి ఎక్కాలి. వాటి పక్కన కోయ పిల్ల గొంతుతో కోయ కథ వినిపించాలి, సవర పిల్లవాడు తప్పు చదివితే సవర తెలిసిన పంతులు సరిదిద్దగలగాలి. ఆ వాచకాలు రాసిన పంతుళ్ల పేర్లు పాత పుస్తకాల లోపలి అట్టల మీద ఉంటాయి. రాష్ట్ర విద్యా పరిశోధన సంస్థలు రెండూ ఈ విద్యా సంవత్సరంలోనే వారిని పిలిపించి, రికార్డింగు గది, కొత్తతరం ఆదివాసీ ఉపాధ్యాయుల తోడు, పనికి తగిన పారితోషికం ఇచ్చి ఆ పనిని వారికే అప్పగించాలని ఈ సభ తరఫున కోరడమైనది.